పూర్వీకుల ఊరు పట్టుకోవడం ఎలా? అమెరికాలో వారసత్వం మనిషి వెంట, యూరప్‌లో ఊరి వెంట

వేపచెట్టు నీడ
అమెరికాలో నాలుగు తరాల కింద ఓడ దిగిన కుటుంబాల పిల్లలు కూడా "మేం ఐరిష్", "మేం ఇటాలియన్" అంటారు. వాళ్ళలో చాలామందికి ఆ భాష రాదు, ఆ దేశం చూసి ఉండరు. డబ్లిన్‌లోనో నేపుల్స్‌లోనో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ మాట వింతగా వినిపిస్తుంది. అమెరికాలో చదువుకునే మన పిల్లలకి కూడా బడిలో వంశవృక్షం గీసుకురమ్మంటారు కాబట్టి ఇది మనకి పట్టని సంగతేం కాదు. రెండు ప్రశ్నలు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? పూర్వీకుల ఊరు నిజంగా కనుక్కోవాలంటే ఏ కాగితాలు ఏ వరసలో చూడాలి? సొంత కథలు వద్దు, పద్ధతి తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత దస్త్రాలు
రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను, అది తేలితే మొదటిది సగం తేలుతుంది.

అమెరికా కాగితాలు పూర్తిగా తిరగేసేదాకా యూరప్ వైపు వెళ్ళకూడదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఒక పేరు పట్టుకుని నేరుగా ఐర్లండ్ రిజిస్టర్లలో పడతారు. పాట్రిక్ మర్ఫీలు వందల్లో దొరుకుతారు, వాళ్ళలో నచ్చినవాణ్ణి తాతని చేసుకుంటారు. సముద్రం దాటేముందు చేతిలో మూడు విషయాలు ఉండాలి: ఊరి పేరు, పుట్టిన ఏడు, తల్లిదండ్రుల పేర్లు. దేశం పేరు ఒక్కటీ ఉంటే ఏమీ లేనట్టే.

జనాభా లెక్కలతో మొదలుపెట్టి వెనక్కి నడవాలి. 72 ఏళ్ళు దాటాకే పేర్లతో విడుదల చేస్తారు కాబట్టి ఇప్పుడు చూడగలిగే చివరిది 1950 నాటిది, 2022 ఏప్రిల్ 1న బయటికి వచ్చింది. 1900 లెక్కల్లో పుట్టిన నెల, ఏడు, దేశంలోకి వచ్చిన ఏడు ఉంటాయి. 1920లో పౌరసత్వం వచ్చిన ఏడు, మాతృభాష కూడా రాశారు. 1880లో తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో ఉంది. 1890వి మాత్రం దాదాపు లేవు, 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. దాంతో 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ళ ఖాళీ. ఆ సందులో వచ్చి, పెళ్ళి చేసుకుని, పోయినవాళ్ళ కోసం నగర డైరెక్టరీలు, చర్చి పెళ్ళి పుస్తకాలు, రాష్ట్రాలు సొంతంగా చేసిన లెక్కలు చూడాలి.

తర్వాత పౌరసత్వ కాగితాలు. 1906 సెప్టెంబరు 27కి ముందు ఏ కోర్టులోనైనా ఇచ్చేవారు, ఫారానికో తీరు, చాలావాటిలో "ఐర్లండ్", "బ్రిటన్ రాణి ప్రజ" అని రాసి వదిలేశారు. ఆ తేదీ తర్వాత దేశమంతా ఒకటే ఫారం: పుట్టిన ఊరు, ఓడ పేరు, దిగిన తేదీ, భార్య, పిల్లల పేర్లు, ఇద్దరు సాక్షులు. 1922 కేబుల్ చట్టం దాకా పెళ్ళయిన స్త్రీకి భర్త పౌరసత్వమే వర్తించేది, అందుకే నాయనమ్మ పేరున విడిగా దరఖాస్తు లేకపోతే కంగారు పడక్కర్లేదు.

చేవ్రాలు
ఓడ జాబితా సంగతి కూడా చెప్పాలి, పాత దస్త్రాలు గారూ. 1907 తర్వాతి జాబితాలు రెండు పేజీల వెడల్పున ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఎడమ పేజీ ఒక్కటే చూసి మూసేస్తారు జనం. బయల్దేరిన దేశంలో దగ్గరి బంధువు పేరు, చిరునామా అన్న గడి, ఎవరి దగ్గరికి వెళ్తున్నారన్న గడి, ఎత్తు, కళ్ళ రంగు, పుట్టిన ఊరు, వీటిలో ఒకటో రెండో తప్ప మిగతావన్నీ కుడి పేజీలోనే దొరుకుతాయి. వృత్తి గడిలో పేరుకి సంబంధం లేని అంకెలు తర్వాతెప్పుడో గీకినట్టు కనిపిస్తే వదలకండి. ఆ మనిషి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడు గుమాస్తా ఈ జాబితా తీసి సరిచూసి వేసిన నంబరు అది. దాన్నిబట్టి పౌరసత్వ ఫైలు దొరుకుతుంది.

న్యూయార్క్ రేవులో వలసవాళ్ళని తనిఖీ చేసిన ఎల్లిస్ దీవి అధికారులు పేర్లు మార్చేశారన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. అది నిజం కాదు. జాబితాలు ఓడ ఎక్కిన రేవులోనే రాసేవారు. దీవిలోని ఉద్యోగులు ఆ రాసి ఉన్నదాన్ని చూసి పిలిచేవారంతే. పేర్లు మారింది తర్వాత, పనిలో, బడిలో, సొంత ఇష్టంతో. కాబట్టి జాబితాలో వెతికేటప్పుడు అమెరికా పేరుతో కాకుండా మూలభాషలో ఎలా రాస్తారో అలా వెతకాలి. మిల్లర్ దొరక్కపోతే ముల్లర్, జోసెఫ్ దొరక్కపోతే జుసెప్పే. ఇంకోటి: ఎల్లిస్ దీవి తెరిచింది 1892 జనవరి 1న. అంతకుముందు 1855 నుంచి 1890 దాకా న్యూయార్క్‌లో దిగినవాళ్ళు కాజిల్ గార్డెన్‌లో దిగారు. 1860లో వచ్చిన తాతని ఎల్లిస్ దీవిలో వెతికితే దొరకడు.

లిఫీ తీరం
ఐర్లండ్ సంగతి నేను రాస్తాను. అక్కడ కష్టం ఎక్కువ, కారణం తెలుసుకుంటే దారి తెలుస్తుంది.

1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కల్లో కొన్ని ముక్కలు తప్ప అన్నీ పోయాయి. 1861, 1871 లెక్కలు అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితం గుజ్జుకి పోయాయి. 1840ల్లో బంగాళదుంప పంట పోయి వచ్చిన కరువు తర్వాతి తరాలకి పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలు. రెండూ ఐర్లండ్ జాతీయ ఆర్కైవ్స్ సైట్లో ఉచితం. ఈ రెంటిలో ఒకే మనిషి వయసు పదేళ్ళలో పదిహేనేళ్ళు పెరిగి కనిపిస్తే వేరే మనిషి అనుకోకండి. 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్ళకి పింఛను మొదలైంది, అందుకని 1911లో వయసులు పెరిగాయి.

కరువు కాలంలో వెళ్ళినవాళ్ళకి వాడుకోవాల్సినవి గ్రిఫిత్ వాల్యుయేషన్, కథోలిక పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లు. మొదటిది 1847 నుంచి 1864 మధ్య పొలం, ఇల్లు ఎవరి చేతిలో ఉందో రాసిన పన్ను లెక్క. కుటుంబ పెద్ద పేరు మాత్రమే ఉంటుంది. రెండోవి 2015 నుంచి నేషనల్ లైబ్రరీ సైట్లో ఉచితంగా చూడొచ్చు. ప్రభుత్వ జనన మరణ నమోదు అందరికీ 1864 నుంచే.

వీటన్నిటికీ తాళంచెవి టౌన్‌ల్యాండ్ పేరు. మన రెవెన్యూ గ్రామం కంటే చిన్నది, అరవై వేలకి పైగా ఉన్నాయి. ఆ పేరు ఐర్లండ్‌లో కాదు, అమెరికాలోనే దొరకాలి. ఎక్కడ వెతకాలంటే, వలసవాళ్ళ సమాధి రాళ్ళ మీద కౌంటీ, పారిష్ చెక్కించే అలవాటు ఉండేది. బోస్టన్ పైలట్ పత్రికలో 1831 నుంచి 1921 దాకా తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వచ్చాయి. న్యూయార్క్ ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతాదారు నిజమైనవాడో కాదో తేల్చుకోవడానికి పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు పుస్తకంలో రాసుకునేది. ఏదీ లేకపోతే అమెరికా బాప్తిస్మం రిజిస్టర్లో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాసుకోండి. వాళ్ళు చాలావరకు ఒకే ఊరివాళ్ళు. మన మనిషి ఊరు దొరక్కపోయినా వాళ్ళలో ఒకరిది దొరుకుతుంది.

కొండవీటి
కాగితాల సంగతి సరే. మొదటి ప్రశ్నకి వస్తే, నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అమెరికాలో వారసత్వం అనేది చాలావరకు ఎంచుకున్న అలంకారం. మార్చి 17న, ఐరిష్‌వాళ్ళ సెయింట్ పాట్రిక్ పండగనాడు, కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ తింటే ఐరిష్ అయిపోరు. ఐర్లండ్‌లో తినేది బేకన్, క్యాబేజీ. ఉప్పులో ఊరబెట్టిన గొడ్డుమాంసం న్యూయార్క్‌లో పక్కింటి యూదు కసాయి దుకాణంలో చవగ్గా దొరికింది, అలా మొదలైంది.

లిఫీ తీరం
మొదలైన తీరు మీరు చెప్పింది నిజమే, కానీ దాన్ని అలంకారం అనడం అన్యాయం. పేదరికంలో పక్కింటివాళ్ళ సరుకుతో వండుకున్న కూడు నాలుగు తరాలు నిలిస్తే అది సంప్రదాయమే. ఐర్లండ్ సంప్రదాయం కాదు, ఐరిష్-అమెరికన్ సంప్రదాయం. న్యూయార్క్‌లో ఆ పండగ ఊరేగింపు 1762 నుంచి నడుస్తోంది. అమెరికా దేశం పుట్టకముందునుంచీ!

శాసనం
ఇక్కడ చట్టం వైపు నుంచి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. జున్ను ఉదాహరణ తీసుకోండి.

పార్మిజానో రెజ్జానో అన్న పేరు పెట్టుకోవాలంటే పాలు, తయారీ రెండూ పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా, బొలోన్యా, మాంతువాల్లో నిర్ణయించిన ప్రాంతంలోనే జరగాలి. రాగి తొట్టెల్లో పచ్చిపాలు కాయాలి. దాదాపు 40 కిలోల ఒక చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు పడతాయి. కనీసం 12 నెలలు మాగాలి. ఆ గడువుకి తనిఖీదారు చిన్న సుత్తితో చక్రం చుట్టూ తట్టి చప్పుడు వింటాడు. లోపల పగులో గాలిబుడగో ఉంటే చప్పుడు మారుతుంది. తప్పినవాటి పైతొక్క మీది చుక్కల అక్షరాలు గీకేస్తారు, ఇక ఆ పేరుతో అమ్మకూడదు. పార్మా నుంచి వలస వెళ్ళిన కుటుంబం ఇదే చేత్తో, ఇదే పద్ధతిలో విస్కాన్సిన్‌లో చేసినా యూరప్ చట్టం ఒప్పుకోదు, పార్మెజాన్ అన్న పేరుకి కూడా ఒప్పుకోదు. అమెరికాలో అది ఎవరైనా వాడుకోగల సాధారణ నామం. గ్రుయేర్ అనే ఇంకో జున్ను విషయంలో 2023 మార్చిలో అమెరికా అప్పీలు కోర్టు ఇదే తేల్చింది. యూరప్‌లో సంప్రదాయం నేలని అంటిపెట్టుకుని ఉంటుంది, అమెరికాలో మనిషితో పాటు ఓడెక్కి వస్తుంది.

మనుషుల్ని లెక్కించే తీరూ ఇంతే. అమెరికా ప్రభుత్వం 1980 నుంచి "మీ పూర్వీకులది ఏ మూలం" అని తానే అడుగుతోంది. ఫ్రాన్స్ జనాభా లెక్కల్లో ఆ ప్రశ్నే ఉండదు. వంశం తెలుసుకోవడానికి డీఎన్‌ఏ పరీక్ష కొనుక్కోవడం కూడా అక్కడ నేరం, 3,750 యూరోల దాకా జరిమానా.

జర్మనీలో ఈ మాటకి ఇంకా బరువుంది. 1933 ఏప్రిల్ చట్టం తర్వాత ప్రభుత్వోద్యోగానికి "ఆర్య" వంశమని చూపించాల్సి వచ్చింది. తాతలు, నాయనమ్మల బాప్తిస్మం నకళ్ళ కోసం జనం పాదిరీల గుమ్మాల దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఉత్సాహంగా తిరగేసే రిజిస్టర్లు అవే. జర్మన్లు రక్తం, వంశం అన్న మాటలకి ముడుచుకుపోతే అది మొరటుతనం కాదు.

మిస్సిసిపీ గట్టు
ఈ చర్చలో ఇప్పటిదాకా ఓడ దిగడం అంటే ఇష్టంతో దిగడమే అన్నట్టు ఉంది. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలకి దారి వేరు.

బానిసత్వం నుంచి విముక్తులైనవాళ్ళందరి పేర్లూ రాసిన మొదటి జనాభా లెక్క 1870. 1850, 1860ల్లో బానిసల జాబితాలు విడిగా ఉన్నాయి, కానీ వాటిలో యజమాని పేరు కింద వయసు, ఆడ, మగ, రంగు మాత్రమే ఉంటాయి, మనిషి పేరు దాదాపు ఎక్కడా ఉండదు. ఆ గోడ దాటాలంటే ఇలా వెళ్ళాలి. 1870లో ఆ కుటుంబం ఉన్న పేజీకి ముందు, వెనక నాలుగైదు పేజీల్లోని భూస్వాముల పేర్లు రాసుకోవాలి. విముక్తుల కోసం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు రికార్డులు చూడాలి, 1865 నుంచి 1874 దాకా ఉన్నాయి. ఖాతా తెరిచినప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువులు, కొన్నిసార్లు పాత యజమాని పేరు కూడా రాయించుకున్నారు. 1865 నుంచి 1872 దాకా విముక్తుల కోసం నడిచిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మన్స్ బ్యూరో కూలి ఒప్పందాలు చూడాలి. యజమాని ఎవరో అనుమానం కుదిరాక, అతను చనిపోయినప్పుడు జిల్లా కోర్టులో వేసిన ఆస్తుల జాబితా తీయాలి. గుర్రాలు, మంచాలు, నాగళ్ళ మధ్య మనుషుల పేర్లు, ఎదురుగా ధర. 1870కి ముందు ఆ పేరు కాగితం మీద కనిపించే చోటు చాలాసార్లు అదొక్కటే.

ఇంటిపేరు యజమానిదే అయి ఉంటుందని పట్టుకుంటే తప్పుదారి పడతాం. అంతకుముందు యజమానిదో, తండ్రిదో, సొంతంగా ఎంచుకున్నదో కావచ్చు.

మూలవాసుల మాట కూడా: చెరోకీ నేషన్ పౌరసత్వానికి డీఎన్‌ఏ చెల్లదు. డాస్ రోల్స్ అనే పాత ప్రభుత్వ సభ్యుల జాబితాలో పూర్వీకుడి పేరు చూపించి, అక్కడి నుంచి తరం తరం జనన పత్రాలు పెట్టాలి. 1990 చట్టం ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే మ్యూజియంలు పూర్వీకుల అస్థికలు, పవిత్ర వస్తువులు వాళ్ళకి తిరిగివ్వాలి. ఇదీ అమెరికా వారసత్వమే కొండవీటి గారూ, ఇందులో అలంకారం ఏముంది?

కొండవీటి
ఆ రెండు సమాజాల గురించి నేను ఆ మాట అనలేదండీ. ఇష్టంతో వలస వచ్చినవాళ్ళ పండగల గురించే అన్నాను, దానిమీద నిలబడతాను. ఒక అడుగు ముందుకెళ్తాను: ఊరు చూడకుండా డీఎన్‌ఏ శాతాలు చూసి "23 శాతం స్వీడిష్" అనుకోవడం మరీ పల్చని వారసత్వం.

పాత దస్త్రాలు
డీఎన్‌ఏలో శాతాలు వదిలేయండి, బంధువుల జాబితా తీసుకోండి. శాతాలు కంపెనీ దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసిన అంచనాలు, నమూనాలు పెరిగితే అంకెలు మారతాయి. అన్నదమ్ముల మధ్య కూడా తేడా వస్తుంది. బంధువుల జాబితా అలా కాదు. ఒకే ముత్తాత సంతానమైన ఇద్దరికి సగటున 3 శాతం ఉమ్మడిగా ఉంటుంది, కచ్చితంగా కనిపిస్తారు. ఇంకో తరం వెనక్కి వెళ్తే పదిమందిలో ఒకరు అసలు కనిపించరు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళ చేత ముందు చేయించాలి.

మన కుటుంబాలకి ఒక హెచ్చరిక. మేనరికాలు ఉన్న చోట ఒకే పూర్వీకుడు రెండు మూడు దారుల్లో వస్తాడు. అందువల్ల దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. యూదు, ఆమిష్ కుటుంబాల్లోనూ ఇదే చిక్కు. మొత్తం శాతం కాకుండా అతి పొడవైన ఒక్క ముక్క ఎంతుందో చూసి అంచనా వేయాలి.

చేవ్రాలు
ఊరు దొరికాక యూరప్‌లో ఏం దొరుకుతుందో చెప్పి నా భాగం ముగిస్తాను.

స్వీడన్ అంత సుఖం ఇంకెక్కడా లేదు. 1686 చర్చి చట్టం తర్వాత పాదిరీ ఏటా ప్రతి ఇంటినీ పరీక్షించి రాసేవాడు. పేజీకో పొలం. ఇంట్లో ఒక్కొక్కరికీ పుట్టిన తేదీ, పుట్టిన పారిష్, చదవడం ఎంతవచ్చు, ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్ళారు. వెళ్ళిపోయినవాళ్ళ వరస కొట్టేసి పక్కన "ఉత్తర అమెరికా" అని ఉంటుంది. 2018 నుంచి జాతీయ ఆర్కైవ్స్ సైట్లో ఉచితం.

నార్వేలో పేరుతోనే తిప్పలు. హన్స్ కొడుకు ఓలే అయితే ఓలే హన్సెన్, కూతురైతే హన్స్‌డాట్టర్, ఆపైన ఉంటున్న పొలం పేరు. పొలం మారితే ఆ పేరూ మారుతుంది. స్థిరమైన ఇంటిపేరు 1923 చట్టంతో తప్పనిసరి అయింది. అందుకే ఇద్దరన్నదమ్ములు మిన్నెసోటా వచ్చి ఒకరు హన్సెన్‌గా, ఒకరు బాక్కెగా మిగిలిపోయారు. ఇంటిపేరు ఊరినుంచి వచ్చే తెలుగువాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

జర్మనీలో ఒకచోట ఏదీ ఉండదు. దేశమంతటా ప్రభుత్వ నమోదు 1876 నుంచి, అంతకుముందు చర్చి పుస్తకాలే. ప్రొటెస్టెంటువి చాలావరకు ఆర్కియాన్ వెబ్‌సైట్లో చందాకి, కథోలికవి మాట్రికులా వెబ్‌సైట్లో ఉచితంగా. హాంబర్గ్ ఓడ జాబితాలు 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి, చివరగా ఉన్న ఊరుతో సహా. బ్రెమెన్‌వి దాదాపు పోయాయి. నోయ్‌స్టాట్ లాంటి పేర్లు పదుల కొద్దీ ఊళ్ళకి ఉంటాయి, ఏ రాజ్యంలోదో తేల్చుకోకుండా పాదిరీకి ఉత్తరం రాయొద్దు.

తాత సమాధి చూద్దామని మాత్రం వెళ్ళకండి. అమెరికాలో సమాధి స్థలం శాశ్వతం. జర్మనీలో అద్దెకిస్తారు, ఊరినిబట్టి సుమారు 20 నుంచి 30 ఏళ్ళు. గడువు దగ్గరపడితే రాయి మీద "కుటుంబసభ్యులు శ్మశాన కార్యాలయంలో కలవగలరు" అని స్టిక్కరు అంటిస్తారు. ఎవరూ రాకపోతే రాయి తీసేసి స్థలం ఇంకొకరికి ఇస్తారు. అక్కడ మిగిలేవి చర్చి, పొలం, యుద్ధ స్మారకం మీద చెక్కిన ఇంటిపేరు.

వేపచెట్టు నీడ
చాలా కృతజ్ఞతలు అందరికీ. పౌరసత్వం కోసం ఇదంతా చేసేవాళ్ళ సంగతి?

శాసనం
ఐర్లండ్: తాతో అమ్మమ్మో ఆ ద్వీపంలో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టర్లో నమోదు చేసుకుని పౌరులు కావచ్చు. ముత్తాత అయితే, మీరు పుట్టకముందే మీ తల్లో తండ్రో నమోదు అయి ఉండాలి. ఇటలీలో ఒకప్పుడు తరాల పరిమితి లేదు. 2025 మార్చి 28 డిక్రీతో, తర్వాత మేలో వచ్చిన చట్టంతో సాధారణంగా తల్లిదండ్రులు, తాతల దగ్గర ఆగిపోయింది, ఆ తాతకి ఇటలీ పౌరసత్వం ఒక్కటే ఉండి ఉండాలి. మార్చి 27 లోపు దరఖాస్తు పెట్టినవాళ్ళకి పాత నియమమే. ఎక్కువ ఫైళ్ళు ఆగేది పేర్ల తేడా దగ్గర: జననపత్రంలో జుసెప్పే, పెళ్ళిపత్రంలో జో, మరణపత్రంలో జోసెఫ్. దరఖాస్తుకి ముందే సరిచేయించుకోవాలి.

నాటాల్ దారి
ఆలస్యంగా వచ్చాను. ఇదే పద్ధతి తెలుగువాళ్ళకి నేరుగా పనికొచ్చే చోటు దక్షిణాఫ్రికా. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు నాటాల్ వెళ్ళారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు ఉంటాయి. మొదట దక్షిణాఫ్రికా జనన, వివాహ పత్రాల్లో ఆ నంబరు వెతకండి. పేరు ఎన్ని రకాలుగా రాసినా నంబరు మారదు. మారిషస్ వెళ్ళినవాళ్ళ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

జాబితాలో జిల్లా "గంజాం" అని ఉంటే ఒడిశాలో మాత్రమే వెతకొద్దు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం చీలింది, కొన్ని తాలూకాలు ఇప్పుడు శ్రీకాకుళం వైపు ఉన్నాయి. "వైజాగపటం" అంటే ఇప్పటి విశాఖ ఒక్కటే కాదు, విజయనగరం, కోరాపుట్ కూడా అందులోవే. తాలూకా పేరు ముందు తేల్చుకుని, ఊరి పేరుని గట్టిగా పైకి చదివి, మద్రాసు గుమాస్తా చెవికి ఎలా వినబడి ఉంటుందో ఆ రూపాలన్నీ రాసుకుని అప్పుడు పాత తాలూకా పటంలో వెతకండి.